నాలుగేళ్ల బిడ్డకు రెండు పూటల బడి అడగొచ్చా?

అమ్మా, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీది రేణిగుంట దగ్గర పల్లె. పాపకు నాలుగేళ్లు నిండాయి. మీరు పొద్దున ఏడున్నరకు ఫ్యాక్టరీ బస్సు ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఐదున్నరకు. ఊళ్లో మండల పరిషత్ బడి ఉంది కానీ ఒకటో తరగతి నుంచే చేర్చుకుంటామన్నారు. అంగన్‌వాడీలో మధ్యాహ్నం అన్నం పెట్టాక పిల్లల్ని తీసుకుపొమ్మంటున్నారు. ప్రైవేటు స్కూలు వ్యాను ఇంటి ముందుకే వచ్చి ఎల్‌కేజీ పిల్లల్ని ఎక్కించుకుపోతోంది, నాలుగు గంటలకు దింపుతోంది, ఆ ఫీజు మాత్రం మీకు మోయలేని బరువు. ప్రభుత్వ బళ్లన్నింటిలోనూ ఎల్‌కేజీ, యూకేజీ రోజంతా ఉండి తీరాలని అడగడం న్యాయమేనా? అంత చిన్న బిడ్డ రోజంతా తట్టుకుంటుందా? చట్టం ఏమంటోంది? ఇవీ మీ ప్రశ్నలు.

నేను ముప్పై మూడేళ్లు పాత చిత్తూరు జిల్లాలో ప్రాథమిక బళ్లలో పనిచేశాను. ఎక్కువగా పెనుమూరు, బంగారుపాళెం, పాకాల వైపు పల్లెలు. చివరి పదకొండేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నాను. వేసవి శిక్షణల్లో అంగన్‌వాడీ టీచర్లతో కలిసి పనిచేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: అడగండి, న్యాయమే. మూడేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ ఊరి ప్రభుత్వ బడిలో రోజంతా చోటు ఉండాలని చట్టంలో రాయాలి. అయితే ఆ అడగడం చదువు పేరు మీద అడిగితే పొరపాటు అవుతుంది. నాలుగేళ్ల బిడ్డ నేర్చుకోవడానికి మూడు, నాలుగు గంటలు చాలు. మిగతా గంటలు కావాల్సింది అన్నానికి, నిద్రకు, ఆటకు, పనికెళ్లిన అమ్మకు, ఇంట్లో ఉండే అక్కకు. ఆ గంటలను వాటి పేరుతోనే అడగాలి.

అక్క సంగతి ముందు చెప్తాను. ఈ చర్చ ఎక్కడ జరిగినా ఆమె ఊసు ఎవరూ ఎత్తరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులూ ఒకటే గదిలో. చెనక్కాయ చేలో కలుపుల కాలం వచ్చిందంటే మూడు, నాలుగు తరగతుల ఆడపిల్లలు తమ్ముణ్నో చెల్లెల్నో చంకనేసుకొని బడికి వచ్చేవాళ్లు. మొదట్లో నేను కోప్పడేదాన్ని. చిన్నోడు ఏడిస్తే అక్క లేచి బయటికి పోయేది, పలక మీద లెక్క సగంలో ఆగిపోయేది. వాళ్లలో నాలుగో తరగతి పాప ఒకతె నాకు బాగా గుర్తుంది. భాగహారంలో బడి మొత్తానికి ఆమే చురుకు. ఆ ఊళ్లో అంగన్‌వాడీ పన్నెండున్నరకు మూసేవాళ్లు. పన్నెండు దాటగానే ఆ పాప కళ్లు తలుపు వైపు తిరిగేవి. పోయి తమ్ముణ్ని తెచ్చుకొని, ఇంట్లో రాత్రి మిగిలిన సంగటి కలిపి తినిపించి, నిద్రపుచ్చి, చేలో నుంచి అమ్మ వచ్చేదాకా కాపలా కూర్చునేది. మధ్యాహ్నం పాఠాలు ఆమెకు ఏడాదిలో ఎన్ని అందాయో నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఐదో తరగతి అయ్యాక హైస్కూలు మూడు కిలోమీటర్ల దూరం. పంపలేదు. ఇంటికి పోయి అడిగితే వాళ్లమ్మ ఒకటే మాట అంది: "ఈ బుడ్డోణ్ని ఎవరు చూస్తారు టీచరమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఎన్ని ఏళ్లు బడిఈడు పిల్లల సర్వేలకు తిరిగినా ఆ ప్రశ్న నా మనసులో నుంచి పోలేదు. చిన్నోడికి రెండు పూటల బడి ఉండి ఉంటే ఆ పాపకు రెండో పూట చదువు దక్కేది. అంతకంటే పెద్ద కారణం నాకు అక్కరలేదు.

ఇప్పుడు చంకన బిడ్డతో బడికొచ్చే పిల్లలు తగ్గారు. అమ్మల పని మాత్రం తగ్గలేదు. జూన్‌లో బళ్లు తెరిచే సమయానికే బంగారుపాళెం, దామలచెరువు వైపు మామిడి కోతలు ముమ్మరంగా ఉంటాయి. గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి కాయ కోసే పని ఆడవాళ్లదే. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు. తిరుపతిలో హోటళ్లు, లాడ్జీలు, పూల అంగళ్లు. మీ వైపు ఫోన్లు, టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలు. వీటిలో ఏదీ ఒంటిపూట పని కాదు. ఎండాకాలంలో ఒంటిపూట బడులు పెట్టగానే పెద్దపిల్లల తల్లులు ఎంత అవస్థ పడతారో అందరికీ తెలుసు. మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లల తల్లులకు ఆ అవస్థ ఏడాది పొడవునా ఉంటుంది.

ఇక చదువుకు ఎన్ని గంటలు కావాలన్న మాట. చిన్నపిల్లల బడి గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా పెర్రీ ప్రీస్కూలు పేరు వస్తుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962 నుంచి 1967 దాకా జరిగింది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకొని, 58 మందిని ప్రీస్కూలుకు పంపారు, 65 మందిని పంపలేదు. ఆ పిల్లలకు నలభై ఏళ్లు వచ్చేదాకా వెంటపడి గమనించారు. ప్రీస్కూలుకు వెళ్లినవాళ్లలో ఎక్కువ మంది హైస్కూలు పూర్తిచేశారు, సంపాదన మెరుగ్గా ఉంది, పోలీసు కేసులు తక్కువ. ఈ కథను రోజంతా బడికి సాక్ష్యంగా చెప్పేవాళ్లను నేను చూశాను. నిజానికి ఆ పిల్లలు రోజుకు బడిలో ఉన్నది రెండున్నర గంటలే. కానీ ఐదారుగురు పిల్లలకు ఒక టీచరు ఉండేది. వారానికోసారి టీచరు వాళ్ల ఇంటికే వెళ్లి గంటన్నర సేపు తల్లీబిడ్డలతో కూర్చునేది. ఫలితం వచ్చింది ఆ కూర్చోవడంలో నుంచి అని నా నమ్మకం.

ఫిన్లాండ్‌లో 2015 నుంచి బడికి ముందు ఏడాది ఆరేళ్ల పిల్లలకు తప్పనిసరి చేశారు. అది ఏడాదికి 700 గంటలు, అంటే రోజుకు సుమారు నాలుగు గంటలు. తల్లిదండ్రులు పనిలో ఉంటే మిగతా సమయానికి డేకేర్ వేరుగా ఉంటుంది. అమెరికాలో ఒంటిపూట కిండర్‌గార్టెన్, రోజంతా కిండర్‌గార్టెన్ రెండూ ఉన్నాయి కాబట్టి పోల్చి చూసిన పరిశోధనలు చాలా వచ్చాయి. రోజంతా ఉన్న పిల్లలు ఆ ఏడాది చివర్లో చదవడంలో, లెక్కల్లో కొంత ముందుంటారు, మూడో తరగతికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు కరిగిపోతుంది. మన దేశంలో 2013లో వచ్చిన బాల్య సంరక్షణ, విద్య జాతీయ విధానం కూడా ఈ వయసు పిల్లల కార్యక్రమం రోజుకు మూడు, నాలుగు గంటలు ఉండాలంది. 20 మంది పిల్లలకు ఒక మనిషి, 30 మందికి 35 చదరపు మీటర్ల గది ఉండాలని దాని ప్రమాణాలు. నిద్రకు సమయం ఇవ్వాలని కూడా అందులో రాశారు. ఆ నిద్ర మాట నేను చాలా ఆలస్యంగా పట్టించుకున్నాను. ఎలాగో చెప్తాను.

నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న ఒక ఊళ్లో ఒక సంవత్సరం ఒకటో తరగతికి పిల్లలే రాలేదు. ఊళ్లో ఐదేళ్ల పిల్లలు పదకొండు మంది ఉంటే మాకు వచ్చింది నలుగురు. మిగతా ఏడుగురూ మూడేళ్ల వయసులోనే ప్రైవేటు వ్యాను ఎక్కేశారు. ఒకసారి ఎక్కిన పిల్ల మళ్లీ మా బడి మెట్లెక్కదు, స్నేహితులు అక్కడే ఉంటారు, యూనిఫాం అలవాటవుతుంది. ప్రభుత్వ బడి ఖాళీ కావడం ఒకటో తరగతిలో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. అది మూడేళ్ల వయసులోనే అయిపోతుంది. మనం తలుపు తీసే సమయానికి పిల్లలు వేరే ఇంట్లో ఉంటారు.

తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడాను. తలా కొంత వేసుకొని ఊళ్లోనే చదువుకున్న ఒక అమ్మాయిని పెట్టుకొని మా బడిలోనే ఎల్‌కేజీ మొదలుపెట్టాం. పద్నాలుగు మంది చేరారు. నాకు చాలా సంతోషమేసింది. అక్కడే తప్పు చేశాను. వ్యాను స్కూలు ఏం చేస్తుందో అదే చేయించాను. నాలుగు గీతల నోటుబుక్కులు, ఏబీసీడీలు, యాభై దాకా అంకెలు, హోంవర్కు, సాయంత్రం నాలుగింటి దాకా. రెండో వారానికి మధ్యాహ్నం పిల్లలు బెంచీ మీద తల వాల్చేవాళ్లు. లేపి మొహం కడిగించి మళ్లీ కూర్చోబెట్టమని నేనే చెప్పాను. ఒక బాబు రోజూ మధ్యాహ్నం నిక్కరు తడుపుకోవడం మొదలుపెట్టాడు. ఒక పాప బడి గేటు కనిపించగానే వాళ్ల నాయన మెడ కరుచుకొని వదిలేది కాదు. ఇద్దరు మానేశారు.

మా బడిలో అన్నం వండే అవ్వ ఒకరోజు నన్ను అడక్కుండానే ఇంటి నుంచి నాలుగు పాత చీరలు తెచ్చి వరండాలో పరిచింది. అన్నాలయ్యాక పిల్లల్ని పడుకోబెట్టింది. "రెండు దాకా పడుకోనీయమ్మా, లేచినాక చూడు" అంది. గంటన్నర పడుకున్నారు. లేచాక ఆ పిల్లలు వేరే పిల్లల్లా ఉన్నారు. నిక్కరు తడుపుకొనే బాబుకు పది రోజుల్లో ఆ ఇబ్బంది పోయింది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇళ్లలో రాత్రి పదికీ పదకొండుకీ పడుకుంటారు. పాలకేంద్రానికి పోయే అమ్మతో పాటు పిల్లలు ఐదున్నరకే లేస్తారు. మిగిలిన నిద్ర మధ్యాహ్నం పూడ్చుకోవాల్సిందే. ఆ అవ్వకు ఆ లెక్కలు తెలియవు, పిల్లలు తెలుసు.

అప్పటి నుంచి మా రోజు మారింది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా పాటలు, కథలు, ఆటలు. చింతగింజలు లెక్కపెట్టడం, వాటిని అయిదేసి కుప్పలుగా పేర్చడం. ముగ్గుచుక్కలు పెట్టి కలపడం, అది చేతివేళ్లకు రాత నేర్పే పని. చెరువు మట్టితో ఎద్దులు, పొయ్యిలు, దోసెలు చేయడం. వీరి వీరి గుమ్మడిపండు, దాగుడుమూతలు. పన్నెండుకు చేతులు కడుక్కొని అన్నం. ఆ చేతులు కడగడం, వరుసలో నిలబడడం, పక్క పిల్లకు గ్లాసు అందివ్వడం కూడా పాఠమే. తర్వాత నిద్ర. రెండున్నరకు లేచి మొహం కడుక్కొని ఇసుకలో ఆట, ఒక కథ, మూడున్నరకు ఇల్లు. పలక మధ్యాహ్నం బయటికి తీయకూడదని నేను నియమం పెట్టాను. యూకేజీ చివరికి అక్షరాలు వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు.

ఒకరిద్దరు తండ్రులు మాత్రం ఒప్పుకోలేదు. "నోటుబుక్కులో ఏమీ రాయలేదేంటి మేడమ్?" అని అడిగేవాళ్లు. వాళ్లను నేను తప్పుపట్టను. బిడ్డ చదువు వాళ్లకు కనిపించేది నోటుబుక్కులోనే. అందుకే శనివారం సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి పిల్లలతోనే కథ చెప్పించేదాన్ని. నాలుగేళ్ల బిడ్డ పది మంది పెద్దవాళ్ల ముందు నిలబడి నక్కా ద్రాక్షా కథ మొదలు నుంచి చివరిదాకా చెప్తుంటే ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

మన జిల్లాలకు ఇంకో విషయం ఉంది. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఎంతోమంది. కుప్పం వైపు తమిళం, కన్నడం రెండూ. ఆ పిల్లలు ఆరో ఏట నేరుగా తెలుగు వాచకం ముందు కూర్చుంటే సగం సంవత్సరం అర్థంకాకుండానే గడిచిపోతుంది. అదే మూడో ఏట తోటి పిల్లలతో ఆడుకుంటే మూడు నాలుగు నెలల్లో తెలుగు నోట పలుకుతుంది, ఇంటి భాషా పోదు. ఇది నేను నా కళ్లతో చూసిందే. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ అనే విద్యాసంస్థ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బళ్లు చూడడానికి కూడా వెళ్లాను. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో, ఎవరి మెట్టు దగ్గర వాళ్లు, కార్డులతో ఆడుతూ నేర్చుకుంటారు. ఊరి పాటలు, ఊరి కథలే వాళ్లకు పాఠాలు. తమిళనాడు ప్రభుత్వ బళ్లలో వచ్చిన కార్డుల పద్ధతికి మూలం అదే. ఒక టీచరు, పలు వయసుల పిల్లలు అన్న పరిస్థితి మన పల్లె బళ్లకు కొత్త కాదు, దానికి దారి మన పక్కనే ఉందని చెప్పడానికి ఈ మాట అంటున్నాను.

చట్టం సంగతికి వస్తాను. రాజ్యాంగం రాసినప్పుడు 45వ అధికరణంలో పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అన్నారు. కింద వయసు పరిమితి ఏదీ పెట్టలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసే, సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అంది. 2002లో 86వ సవరణ చేసి ఆ హక్కును 21ఏ అధికరణంగా రాజ్యాంగంలో చేర్చారు. కానీ 6 నుంచి 14 ఏళ్లు అని గీత గీశారు. ఆరేళ్ల లోపు పిల్లలు మళ్లీ 45వ అధికరణంలోకే వెళ్లారు, ప్రభుత్వం వాళ్ల కోసం 'ప్రయత్నించాలి' అన్న మాట మిగిలింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలకు ఆరేళ్లు వచ్చేదాకా ప్రభుత్వం ఉచితంగా బడికి ముందు చదువు ఏర్పాటు 'చేయవచ్చు' అంటుంది. మీ ప్రశ్న మొత్తం ఆ 'చేయవచ్చు' దగ్గర ఆగి ఉంది. అది 'చేయాలి' అయితే తప్ప మీ ఊరి హెడ్‌మాస్టరును మీరు హక్కుగా అడగలేరు.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. మూడేళ్లు బడికి ముందు, తర్వాత ఒకటి, రెండు తరగతులు. విధానం వేరు, చట్టం వేరు. విధానం ప్రకారం జరగలేదని కోర్టుకు పోలేం. అయినా దానివల్ల కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 2021లో మధ్యాహ్న భోజన పథకాన్ని పీఎం పోషణ్ అని మార్చినప్పుడు ప్రభుత్వ బళ్లలోని బాలవాటిక, అంటే ఒకటో తరగతికి ముందు తరగతి పిల్లలను కూడా అందులో చేర్చారు. కాబట్టి బడిలో చిన్న తరగతి ఉంటే అన్నానికి దారి ఉంది.

మన రాష్ట్రంలో 2022లో వచ్చిన జీవో 117లో ఫౌండేషన్ స్కూలు, శాటిలైట్ ఫౌండేషన్ స్కూలు అంటూ పీపీ1, పీపీ2లను, అంటే ఒకటో తరగతికి ముందు రెండేళ్ల తరగతులను బడిలో భాగంగా రాశారు. అదే జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించడం వల్ల పల్లెల్లో పెద్ద ఆందోళన జరిగింది. 2025లో దాన్ని రద్దుచేశారు. పెద్దపిల్లల తరలింపు మీద జరిగిన గొడవలో చిన్నపిల్లల మాట వినిపించకుండా పోయింది, అది నాకు ఇప్పటికీ బాధే. మన రాష్ట్రంలో తల్లి ఖాతాలో పడే చదువు సాయం కూడా ఒకటో తరగతి నుంచే. మూడు, నాలుగు, ఐదేళ్ల వయసులో ఖర్చంతా ఇంటిదే.

ఇందులో పెద్ద చిక్కు రెండు శాఖలు. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది, బడి విద్యాశాఖది. బిడ్డ ఒకటే. అంగన్‌వాడీ ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద 1975 అక్టోబరు 2న మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు తిండి, ఆరోగ్యం దాని మొదటి పని. బరువులు తూచాలి, టీకాల రోజు చూడాలి, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ నింపాలి, బాలామృతం పంచాలి, పైగా సర్వేలు. ఇంత పని మధ్య ఆమె పొద్దున రెండు గంటలు పిల్లలకు పాటలు చెప్పినా గొప్పే. మధ్యాహ్నం పిల్లల్ని పంపేస్తోందని మీరు ఆమె మీద కోపం పెట్టుకోవద్దు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజుల పాటు మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మె చేశారు. అప్పట్లో టీచరుకు నెలకు 11,500 రూపాయలు. ఆ జీతానికి రోజంతా ఎల్‌కేజీ కూడా ఆమె నెత్తినే పెడితే అది బడి కాదు, అన్యాయం.

అందుకే రోజంతా బడి అడిగేటప్పుడు మనిషిని కూడా అడగాలి. అంగన్‌వాడీని బడి ఆవరణలోకే తేవాలి. తిండి, ఆరోగ్యం అంగన్‌వాడీ టీచరు చూస్తుంది. పిల్లల ఆటపాటలకు చిన్నపిల్లల విద్యలో శిక్షణ పొందిన ఇంకో టీచరు, నిద్రపుచ్చి శుభ్రం చేసే ఆయమ్మ ఒకరు ఉండాలి. ప్రాథమిక బడిలో చెప్పే మామూలు ఎస్‌జీటీ టీచరును తెచ్చి యూకేజీలో కూర్చోబెట్టినా సరిపోదు. నేను ఎస్‌జీటీగానే మొదలుపెట్టాను, మా డీఎడ్ ఉపాధ్యాయ శిక్షణలో మూడేళ్ల బిడ్డ ఎలా ఆలోచిస్తుందో చెప్పిన పాఠం నాకు గుర్తు లేదు. దీనికి ఖర్చవుతుంది. తప్పదు. ఖర్చు లేకుండా తప్పనిసరి అని ఒక్క జీవో ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు: ఒకటి, రెండు తరగతులు చూసే టీచరుకే ఇంకో ఇరవై మంది పసిపిల్లలను అప్పగిస్తారు. ఇక పిల్లలు సాయంత్రం దాకా చేతులు కట్టుకొని కూర్చుంటారు. అలాంటి రోజంతా బడి కంటే మంచి ఒంటిపూట బడి మేలు. ఈ మాట మీకు కష్టంగా అనిపించినా చెప్పక తప్పదు.

ఇంకొకటి. తప్పనిసరి అన్నది సర్కారుకు, బిడ్డకు కాదు. ఇంట్లో ఓపికున్న అవ్వ ఉండి, మధ్యాహ్నం బిడ్డ ఆమె పక్కన పడుకుంటే అంతకంటే మంచిది ఏముంటుంది? ఆ బిడ్డను పన్నెండున్నరకు తీసుకుపోయే స్వేచ్ఛ ఉండాలి, హాజరు కోసం ఎవరూ ఒత్తిడి చేయకూడదు. కానీ అవ్వ కూడా ఉపాధి హామీ పనికి పోయే ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. ఆ ఇళ్లకు తలుపు సాయంత్రం దాకా తెరిచే ఉండాలి.

చట్టం మారేదాకా ఆగకుండా మీరు చేయగలిగినవి ఉన్నాయి. మీ బడి పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ పని, అది విద్యాహక్కు చట్టంలోనే ఉంది. మీ పాప ఇంకా బడిలో చేరలేదు కాబట్టి కమిటీలో ఉన్న మీ వీధి తల్లిని ఎవరినైనా వెంటబెట్టుకొని పోండి. పోయేముందు ఊళ్లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎంతమంది వ్యాను ఎక్కుతున్నారో, ఎంతమంది తల్లులు మధ్యాహ్నం ఇంట్లో ఉండరో ఒక కాగితం మీద రాసుకోండి. కమిటీ తీర్మానం, గ్రామసభ తీర్మానం రెండూ చేయించి, ఒకే అర్జీని ఎంఈఓకూ (మండల విద్యాధికారి) సీడీపీఓకూ (అంగన్‌వాడీలు చూసే అధికారి) ఇవ్వండి. ఇద్దరికీ ఇవ్వకపోతే ఒకరు ఇంకొకరి పేరు చెప్తారు. బడిలో ఖాళీ గది ఉంటే దాని కొలత కూడా అర్జీలో రాయండి. ఖాళీ గది, పిల్లల లెక్క ఉన్న కాగితాన్ని పక్కన పడేయడం అధికారులకు కష్టం.

ఫ్యాక్టరీలో కూడా అడగండి. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట క్రెచ్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు బిడ్డను చూసిరావచ్చని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. ఒక్కరే అడిగితే భయంగా ఉంటుంది. మీ లైన్‌లో చిన్నపిల్లలున్న తల్లులు పది మంది సంతకాలు పెట్టి ఇవ్వండి.

ఈ లోపల పాపను అంగన్‌వాడీకి పంపడం మానొద్దు, అప్పు చేసి వ్యానూ ఎక్కించొద్దు. పొద్దున అక్కడ ఉండే మూడు గంటలే ఆమెకు ముఖ్యం. మధ్యాహ్నానికి మీ వీధిలో మీలాంటి ఇబ్బంది ఉన్న నాలుగు ఇళ్లు కలిసి అంగన్‌వాడీ టీచరుతో, ఆయమ్మతో మంచిగా మాట్లాడండి. అదనంగా ఉండే రెండు మూడు గంటలకు ఆయమ్మకు తలా కొంత ఇవ్వండి. సూపర్‌వైజరుకు కూడా చెప్పి చేయండి, రేపు ఆమెకు మాట రాకూడదు. పాప సంచిలో ఒక జత బట్టలు, మెత్తగా నలిగిన మీ పాత చీర ఒకటి మడిచి పెట్టండి. అమ్మ చీర వాసన తెలిస్తే కొత్త చోట కూడా త్వరగా నిద్రపోతుంది.